ఇన్యాకి విలియమ్స్: ఒకే క్లబ్, రెండు దేశాలు

మీరు అడిగినవి నిజానికి నాలుగు ప్రశ్నలు. అథ్లెటిక్ బిల్బావో ఫార్వర్డ్ ఇన్యాకి విలియమ్స్ పదేళ్లకు పైగా స్పెయిన్ లీగ్‌లో ఆడుతున్నా ఏ సీజన్‌లోనూ భారీగా గోల్స్ చేయలేదు కదా, అతన్ని మంచి ఫార్వర్డ్ అని ఎందుకంటారు అన్నది మొదటిది. స్పెయిన్‌లో పుట్టి పెరిగి, ఆ దేశం చొక్కా వేసుకుని ఆడినవాడు 28 ఏళ్ల వయసులో ఘనాకు మారడం ప్రపంచ కప్పు కోసం చేసిన అవకాశవాదం కాదా అన్నది రెండవది. తమ్ముడు నీకో స్పెయిన్‌కు యూరో కప్పు గెలిపించాక అన్న నిర్ణయం తప్పని తేలిపోయినట్టే కదా అన్నది మూడవది. ఇంగ్లండ్‌లో పుట్టిన మీ అన్నగారి అబ్బాయి కూడా ఫార్వర్డ్‌గా ఆడుతున్నాడని, అతను భారత జట్టుకు ఆడగలడా అని చివర్లో అడిగారు. చాలా ఏళ్లుగా కుర్రాళ్లకు ఫార్వర్డ్ ఆట నేర్పుతున్నవాడిగా, ఇన్యాకి ఆటను మొదటి నుంచీ చూస్తున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అతని విలువను గోల్స్ పట్టికలో వెతకడం పొరపాటు. ఘనాకు వెళ్లడం అవకాశవాదమూ కాదు, తప్పూ కాదు. ఎందుకో వివరంగా చెబుతాను.

అతని తల్లిదండ్రులు ఘనా రాజధాని అక్రాకు చెందినవారు. 1990ల తొలి సంవత్సరాలలో యూరప్ చేరాలని బయలుదేరి, సహారా ఎడారిని కొంత దూరం కిక్కిరిసిన లారీలోను, మిగతా దూరం కాలినడకన దాటారు. కాలిన ఇసుకలో నడిచిన తండ్రి పాదాలు ఆ తర్వాత ఎన్నడూ పూర్తిగా బాగుపడలేదు. ఉత్తర ఆఫ్రికా తీరంలో స్పెయిన్ ఆధీనంలో ఉన్న మెలియా పట్టణపు కంచె దూకిన తర్వాత వారిని పోలీసులు పట్టుకున్నారు. అక్కడ సాయం చేయడానికి వచ్చిన ఒక న్యాయవాది సలహా మేరకు, అంతర్యుద్ధం జరుగుతున్న లైబీరియా నుంచి వచ్చామని చెప్పి ఆశ్రయం కోరారు. అక్కడి నుంచి వారు చేరినది బాస్క్ ప్రాంతంలోని బిల్బావో నగరం. ఆదరించిన ఒక చర్చి ఫాదర్ పేరునే 1994 జూన్ 15న పుట్టిన కొడుక్కి పెట్టుకున్నారు. అందుకే ఘనా దంపతుల బిడ్డకు అచ్చమైన బాస్క్ పేరు వచ్చింది.

తర్వాత కుటుంబం పొరుగున ఉన్న నవార్రా ప్రాంతంలోని పాంప్లోనాకు మారింది. బతుకుతెరువు కోసం తండ్రి లండన్ వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే చిన్నా చితకా పనులు చేశాడు. తల్లి ఒకటికి మించి ఉద్యోగాలు చేసేది. 2002 జూలైలో పుట్టిన తమ్ముడు నీకోను బడికి తీసుకువెళ్లడం, అన్నం పెట్టడం, ఆటకు తీసుకువెళ్లడం ఎనిమిదేళ్లు పెద్దవాడైన ఇన్యాకి బాధ్యత అయింది. తల్లిదండ్రులు ఎడారి దాటి వచ్చిన సంగతి పూర్తిగా అతనికి తెలిసింది దాదాపు 20 ఏళ్ల వయసులో, అప్పటికే వృత్తి ఆటగాడిగా ఎదుగుతున్న రోజుల్లో. ఘనాకు మారిన నిర్ణయాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ కాలక్రమం గుర్తుంచుకోవాలి. ఏ దేశానికి ఆడాలో నిర్ణయించుకునే వయసులో కుటుంబ చరిత్రలో సగం అతనికి తెలియదు.

క్లబ్ సంగతి తెలియకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. అథ్లెటిక్ క్లబ్ వందేళ్లకు పైగా బాస్క్ ప్రాంతంలో పుట్టిన లేదా అక్కడి జట్లలో ఆట నేర్చుకున్న ఆటగాళ్లను మాత్రమే తీసుకుంటుంది. ఇది లిఖిత నిబంధన కాదు, సంప్రదాయం. అయినా ఏ అధ్యక్షుడూ దాన్ని తప్పే సాహసం చేయలేదు. ఇంత చిన్న ప్రాంతం నుంచే ఆటగాళ్లను ఏరుకుంటూ, రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలతో పాటు మొదటి శ్రేణి లీగ్ నుంచి ఒక్కసారి కూడా కిందికి పడని మూడు క్లబ్‌లలో ఒకటిగా నిలిచింది. రక్తాన్ని బట్టి మనిషిని కొలిచే క్లబ్ అని బయటివారు దీన్ని విమర్శించేవారు. 2011లో అంగోలా తండ్రికి, బాస్క్ తల్లికి పుట్టిన డిఫెండర్ జొనాస్ రమాల్యో ఆ జట్టుకు ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. 2012లో పాంప్లోనా నుంచి వచ్చి యువ జట్టులో చేరిన ఇన్యాకి రెండవవాడు. బిల్బావోలో పుట్టాడు కాబట్టి ఆ సంప్రదాయంలో అతను నిస్సందేహంగా సొంత బిడ్డ. మెలియా నుంచి ఆ దంపతులను మరో నగరానికి పంపించి ఉంటే ఈ క్లబ్ తలుపు అతనికి ఎన్నటికీ తెరుచుకునేది కాదు. కాబట్టి అతని వారసత్వం రెండు కాదు, మూడు పాయలు: ఘనా, స్పెయిన్, బాస్క్. తాను బాస్క్‌వాడినని అతను ఎప్పుడూ సంకోచం లేకుండానే చెప్పాడు.

ఇక ఆట. 2014 డిసెంబర్ 6న కొర్డొబా మీద, కోచ్ ఎర్నెస్టో వాల్వెర్డె అతన్ని మొదటిసారి లీగ్‌లో దించాడు. 2015 ఫిబ్రవరి 19న యూరప్ క్లబ్‌ల రెండవ స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్‌లో ఇటలీ జట్టు టొరీనో మీద మొదటి గోల్ కొట్టాడు. అథ్లెటిక్ చరిత్రలో నల్లజాతి ఆటగాడు చేసిన మొదటి గోల్ అదే. అదే ఏడాది మే 30న స్పెయిన్ క్లబ్‌ల నాకౌట్ కప్పు కోపా డెల్ రే ఫైనల్లో బార్సిలోనా చేతిలో జట్టు 3-1తో ఓడినప్పుడు ఆ ఒక్క గోల్ కూడా అతనిదే. ఆ మ్యాచ్‌ను లోకం మెస్సి చేసిన అద్భుతమైన గోల్‌తోనే గుర్తుపెట్టుకుంది, అది న్యాయమే. అయితే 20 ఏళ్ల కుర్రాడు మొదటి సీజన్‌లోనే అంత పెద్ద వేదిక మీద గోల్ చేయడంతో బిల్బావోలో ఆశలు ఆకాశానికి అంటాయి. ఆ ఆశలే తర్వాత అతనికి భారమయ్యాయి.

అప్పుడు ఆ జట్టు స్ట్రైకర్ అరిట్స్ అదూరిస్. 2016 నవంబర్‌లో, 35 ఏళ్ల వయసులో, బెల్జియం జట్టు గెంక్ మీద ఒకే మ్యాచ్‌లో 5 గోల్స్ కొట్టిన మనిషి. తలతో కొట్టడంలో, గోల్ ముందు అరక్షణం ఆగి చోటు చూసుకోవడంలో అతనికి సాటి తక్కువ. ఇన్యాకిని అందరూ అతని వారసుడిగా ఊహించుకున్నారు. ఆ ఊహలోనే తప్పు ఉందని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. అదూరిస్ బలం ఇరుకు చోటులో, ఇన్యాకి బలం ఖాళీ మైదానంలో. ప్రత్యర్థి డిఫెండర్లు ముందుకు వచ్చి వెనుక ముప్పై, నలభై గజాలు వదిలేస్తే అతన్ని అందుకోగలవారు ఐరోపాలోనే తక్కువమంది. కానీ సొంత మైదానం సాన్ మామెస్‌కు వచ్చే జట్లు అంత ఉదారంగా ఆడవు. గోల్ ముందే గుమిగూడి నిలబడతాయి. పరుగెత్తడానికి చోటు లేనప్పుడు వేగం అక్కరకు రాదు. అందుకే దాదాపు రెండేళ్లపాటు సొంత మైదానంలో లీగ్ మ్యాచ్‌లలో అతను గోల్ చేయలేకపోయాడు. 2019 జనవరి 13న సెవియ్యా మీద రెండు గోల్స్ కొట్టి ఆ కరువు తీర్చాడు. అందులో ఒకటి తమ సగంలో బంతి అందుకుని, ఎవరికీ దొరకకుండా అంత దూరమూ పరుగెత్తి చేసిన గోల్. అతని బలమేమిటో, అన్నాళ్లూ జట్టు దాన్ని ఎంత తక్కువగా వాడుకుందో ఆ ఒక్క పరుగు చూస్తే తెలుస్తుంది.

మీరు చెప్పినట్టు ఏ సీజన్‌లోనూ అతని లీగ్ గోల్స్ 15 దాటలేదు, అది నిజం. ఆఖరి తాపు అతని బలహీనత అన్న మాటనూ నేను కాదనను. దానికి ఒక కారణం ఉంది, శిక్షణలో మేము రోజూ చూసేదే. యాభై గజాలు పూర్తి వేగంతో పరుగెత్తి వచ్చిన ఆటగాడు గోల్‌కీపర్ ముందుకు చేరేసరికి గుండె దడదడలాడుతుంటుంది, ఆనించే కాలు స్థిరంగా ఉండదు. నిలబడి కొట్టే స్ట్రైకర్‌కు ఉన్న నిలకడ అతనికి ఉండదు. పైగా అతని పరుగుకు భయపడి డిఫెండర్లు పది గజాలు వెనక్కి తగ్గితే, ఆ ఖాళీలో మిడ్‌ఫీల్డర్ తాపీగా ఆడుకుంటాడు. ఆ ఫలితం మరొకరి పేరు మీద నమోదవుతుంది. కుర్రాళ్లకు నేర్పేవారు ఈ రెండవ విషయాన్ని గమనించాలి. మన దగ్గర జట్టులో అందరికన్నా వేగంగా పరుగెత్తే పిల్లవాడిని కళ్లు మూసుకుని సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెడతారు, గోల్స్ రాకపోతే పక్కన కూర్చోబెడతారు. వాడికి కావలసింది వేరే స్థానం.

ఇన్యాకికి కూడా అదే జరిగింది, కాకపోతే మంచి రీతిలో. 2022లో వాల్వెర్డె తిరిగి కోచ్‌గా వచ్చాక అతన్ని కుడి వైపు వింగర్‌గా ఆడించాడు, ఎడమ వైపు నీకో, మధ్యలో గొర్కా గురుసేటా. వెనుక నుంచి రైట్ బ్యాక్ ఆస్కార్ డె మార్కోస్ అండ. గీత వెంబడి పరుగు, లోపలికి క్రాస్, లేదా అవతలి వైపు నుంచి తమ్ముడు పంపిన బంతికి రెండవ పోస్టు దగ్గర హాజరు. ముప్పైకి చేరువవుతున్న వయసులో అతను ఆడిన ఆట, ఇరవైలలో ఆడినదానికన్నా ఎంతో పరిణతి చెందినది. 2023-24లో జట్టు లీగ్‌లో 5వ స్థానంలోను, మరుసటి ఏడాది 4వ స్థానంలోను నిలిచి, 2014-15 తర్వాత మళ్లీ యూరప్ క్లబ్‌ల అగ్ర పోటీ చాంపియన్స్ లీగ్‌లో అడుగుపెట్టింది.

గోల్స్ కన్నా నేను ఎక్కువ విలువ ఇచ్చే అంకె ఒకటుంది: 251. 2016 ఏప్రిల్ నుంచి 2023 జనవరి వరకు లా లిగాలో, అంటే స్పెయిన్ మొదటి శ్రేణి లీగ్‌లో, వరుసగా అన్ని మ్యాచ్‌లలో, ఒక్కటి కూడా విడవకుండా, అతను మైదానంలోకి దిగాడు. రియల్ సొసియెదాద్‌కు చెందిన హువాన్ అంతోనియో లర్రన్యాగా పేరు మీద దశాబ్దాలుగా ఉన్న రికార్డును 2021 అక్టోబర్‌లోనే దాటేశాడు. 2023 జనవరిలో రియల్ మాడ్రిడ్‌తో మ్యాచ్‌లో కండరం పట్టేయడంతో ఆ వరుస ఆగింది. గోల్‌కీపర్‌కో, సెంటర్ బ్యాక్‌కో ఇది కొంతవరకు ఊహించదగినది. తొడ వెనుక కండరం మీదే బతుకు నడిచే వేగవంతమైన ఫార్వర్డ్‌కు దాదాపు ఏడేళ్లు గాయం లేకుండా గడవడం చాలా అరుదు. గాయాలు తప్పితే చాలదు. స్పెయిన్ లీగ్‌లో సీజన్‌లో ఐదు పసుపు కార్డులు పడితే ఒక మ్యాచ్ నిషేధం ఉంటుంది. ప్రతి వారం కాళ్ల మీద తన్నులు తింటూ, ఆ కోపాన్ని ఏడేళ్లు అదుపులో పెట్టుకోవాలి. కోచ్‌లు మారారు, జట్టు రూపు మారింది, కోవిడ్ వల్ల లీగ్ ఆగి మళ్లీ మొదలైంది. వచ్చిన ప్రతి కోచ్ జట్టు జాబితాలో అతని పేరు రాశాడు. ఇంతమంది నిపుణులు అన్నేళ్లు ఒకే తీర్పు ఇచ్చినప్పుడు, గోల్స్ పట్టికను మాత్రమే చూసి వేరే తీర్పు ఇవ్వడానికి నాకు మనసొప్పదు. 2019లో క్లబ్ అతనితో 2028 వరకు, అంటే తొమ్మిదేళ్లకు, ఒప్పందం కుదుర్చుకుంది. విడుదల రుసుమును, అంటే ఒప్పందం మధ్యలో అతన్ని తీసుకోవాలంటే వేరే క్లబ్ చెల్లించవలసిన మొత్తాన్ని, 13.5 కోట్ల యూరోలుగా పెట్టింది. డె మార్కోస్ విరమించాక 2025లో కెప్టెన్ పట్టీ అతని చేతికి వచ్చింది.

పెద్ద మ్యాచ్‌లలో మొహం చాటేస్తాడన్న విమర్శ కూడా మీ ప్రశ్నలో అంతర్లీనంగా ఉంది. 2021 జనవరి 17న సెవియ్యా నగరంలో జరిగిన సూపర్ కప్ ఫైనల్లో బార్సిలోనా మీద, అదనపు సమయం మొదట్లోనే, పెనాల్టీ బాక్స్ ఎడమ అంచు నుంచి బంతిని వంపు తిప్పి అవతలి మూలకు పంపిన గోల్ అతనిదే. జట్టు 3-2తో గెలిచింది. అదే ఏడాది ఏప్రిల్‌లో రెండు వారాల వ్యవధిలో రెండు కోపా డెల్ రే ఫైనల్స్ ఓడిన మాటా నిజమే. కోవిడ్ వల్ల వాయిదా పడిన 2020 ఫైనల్లో ఇరుగుపొరుగు ప్రత్యర్థి రియల్ సొసియెదాద్ చేతిలో 1-0తోను, 2021 ఫైనల్లో బార్సిలోనా చేతిలో 4-0తోను ఓడారు. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి బిల్బావోకు మూడేళ్లు పట్టింది.

ఇప్పుడు దేశం సంగతి. 2016 మే 29న స్విట్జర్లాండ్‌లోని సాంక్ట్ గాలెన్‌లో బోస్నియాతో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో స్పెయిన్ సీనియర్ జట్టు తరఫున అతను సబ్‌స్టిట్యూట్‌గా ఆడాడు. ముందు రోజే రియల్ మాడ్రిడ్, అట్లెటికో మాడ్రిడ్‌ల మధ్య చాంపియన్స్ లీగ్ ఫైనల్ జరిగింది కాబట్టి ఆ రెండు క్లబ్‌ల ఆటగాళ్లు అందుబాటులో లేరు. యూరో 2016 జట్టులో అతనికి చోటు దక్కలేదు. ఆ తర్వాత ఆరేళ్లలో స్పెయిన్ సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. స్పెయిన్ చొక్కా వేసుకున్నాడని మీరు రాసిన మాట వెనుక ఉన్న వాస్తవం ఇంతే, ఒక్క స్నేహపూర్వక మ్యాచ్.

ఫిఫా నియమాల ప్రకారం స్నేహపూర్వక మ్యాచ్ ఆటగాడిని ఆ దేశానికి శాశ్వతంగా కట్టివేయదు. అధికారిక పోటీలో సీనియర్ జట్టుకు ఆడితేనే ఆ కట్టు పడుతుంది. 2020లో దాన్ని కూడా కొంత సడలించి, 21 ఏళ్లు నిండకముందు మూడుకు మించని అధికారిక మ్యాచ్‌లు ఆడి, ప్రపంచ కప్పు, యూరో వంటి ప్రధాన టోర్నమెంట్లలో ఆడనివారు మూడేళ్ల విరామం తర్వాత మరో దేశానికి మారవచ్చని నిర్ణయించారు. ఇన్యాకి ముందు తలుపు తెరిచే ఉందని అందరికీ తెలుసు. ఘనా ఫుట్‌బాల్ సంఘం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది, అతను ఒప్పుకోలేదు. తాను అక్కడ పుట్టి పెరగలేదని, ఘనాను వంద శాతం తనదిగా భావించే ఆటగాడి స్థానాన్ని తాను ఆక్రమించడం సరికాదని 2021లో కూడా ఇంటర్వ్యూలలో చెప్పాడు. అవకాశవాది ఇలా మాట్లాడడు. చేతికి వచ్చిన స్థానాన్ని, అది ఇంకొకరికి చెందుతుందేమోనని వద్దన్నవాడిని ఆ పేరుతో పిలవడం అన్యాయం.

2022లో ఘనా ప్రపంచ కప్పుకు అర్హత సాధించిన మాట, ఆ తర్వాతే అతను మనసు మార్చుకున్న మాట రెండూ వాస్తవాలే. కానీ ఆ వేసవిలో అతను అక్రా వెళ్లి బంధువులను కలిశాడు. 90 ఏళ్ల తాత, మనవడు ఘనా గుర్తయిన నల్ల నక్షత్రం ఉన్న చొక్కా వేసుకుంటే చూడాలని కోరుకున్నాడు. పెద్దల మాట నిర్ణయాలను మార్చే ఇళ్లలో పెరిగిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. జూలై 5న నిర్ణయం ప్రకటించాడు. సెప్టెంబర్ 23న ఫ్రాన్స్‌లోని ల హావ్ర్‌లో బ్రెజిల్ మీద ఘనాకు మొదటి మ్యాచ్ ఆడాడు. సరిగ్గా మరుసటి రోజు, సెప్టెంబర్ 24న, నీకో స్పెయిన్‌కు మొదటి మ్యాచ్ ఆడాడు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు రెండు రోజుల్లో రెండు దేశాలకు తొలి అడుగు వేశారు. ఆ ఏడాది ఖతర్ ప్రపంచ కప్పులో ఇద్దరూ ఆడారు. అంతకుముందు బోటెంగ్ సోదరులు జెరోమ్ జర్మనీకి, కెవిన్ ప్రిన్స్ ఘనాకు ఇలాగే ఆడారు. 2010లో, 2014లో వారు ఎదురెదురుగా కూడా నిలబడ్డారు.

ఖతర్‌లో పోర్చుగల్ మీద 3-2తో వెనుకబడి ఉండగా, అదనపు నిమిషాల చివర్లో, గోల్‌కీపర్ దియోగో కోస్తా వెనుక ఎవరూ లేరనుకుని బంతిని నేల మీద పెట్టాడు. వెనుక నక్కి ఉన్న ఇన్యాకి ముందుకు దూకి బంతిని తన్నుకుపోయాడు. ఖాళీ గోల్ ఎదుట కాలు జారింది. జాతీయ జట్టులో అతని ఆటకు ఆ క్షణాన్నే ఉదాహరణగా చూపించేవారున్నారు. నేను మాత్రం వేరే విషయం చూస్తాను. మ్యాచ్ అయిపోయిందని తక్కినవారంతా వెనక్కి నడుస్తున్నప్పుడు, గోల్‌కీపర్ వెనుక దాగి ఉండాలన్న ఆలోచన వచ్చినవాడు అతనొక్కడే. ఘనాకు మొదటి గోల్ కోసం ఏడాదికి పైగా ఎదురుచూశాడు. 2023 నవంబర్ 17న కుమాసిలో మడగాస్కర్ మీద ప్రపంచ కప్పు అర్హత మ్యాచ్ ఆఖరి క్షణాల్లో కొట్టిన ఆ గోల్‌తోనే ఘనా 1-0తో గెలిచింది.

2024 జనవరిలో జరిగినది నాకు అతని కెరీర్ మొత్తంలో అత్యంత ఇష్టమైన ఘట్టం. ఐవరీ కోస్ట్‌లో జరిగిన ఆఫ్రికా కప్పులో జనవరి 22న మొజాంబిక్‌తో 2-2గా ముగియడంతో ఘనా ప్రయాణం గ్రూప్ దశలోనే ఆగిపోయే స్థితి వచ్చింది. అతను విమానం పట్టుకుని బిల్బావో చేరాడు. జనవరి 24 రాత్రి కోపా డెల్ రే క్వార్టర్ ఫైనల్లో బార్సిలోనా మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగి, అదనపు సమయంలో గోల్ కొట్టి జట్టును 3-2 ఆధిక్యంలో నిలిపాడు. చివర్లో నీకో నాలుగవది కొట్టాడు. ఫిబ్రవరి 29న సెమీఫైనల్ రెండవ మ్యాచ్‌లో అట్లెటికో మాడ్రిడ్ మీద అన్నదమ్ములిద్దరూ గోల్ చేశారు. ఏప్రిల్ 6న ఫైనల్లో మయోర్కా మీద 1-1 తర్వాత పెనాల్టీలలో 4-2తో గెలిచి, 1984 తర్వాత మళ్లీ ఆ కప్పు బిల్బావోకు తెచ్చారు. 40 ఏళ్లుగా కదలని గబర్రా అనే విజయోత్సవ పడవ నెర్వియోన్ నది మీద తేలింది, లక్షలాది జనం గట్ల మీద నిలబడ్డారు. రెండు దేశాల మధ్య తిరిగే ఆటగాడి మనసు క్లబ్ మీద ఉండదని అన్నవారికి ఆ రెండు రోజుల ప్రయాణమే సమాధానం.

యూరో 2024 ఫైనల్ గురించి. జూలై 14న బెర్లిన్‌లో ఇంగ్లండ్ మీద స్పెయిన్ 2-1తో గెలిచింది. మొదటి గోల్ నీకోది, మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడూ అతనే. ఆ గోల్‌కు బంతి అందించినది లమీన్ యమాల్, మొరాకో తండ్రికి, ఈక్వటోరియల్ గినీ తల్లికి పుట్టిన కుర్రాడు, ముందు రోజే 17 ఏళ్లు నిండినవాడు. అన్న నిర్ణయం తప్పని తేలిందని అనేముందు జట్టు కూర్పు చూడండి. ఎడమ వైపు నీకో, కుడి వైపు యమాల్. 30 ఏళ్ల ఇన్యాకి స్పెయిన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంటే అతను ఆడే స్థానంలో యమాల్ ఉన్నాడు. 22 ఏళ్లు నిండిన తమ్ముడికి స్పెయిన్ తలుపు బార్లా తెరిచింది, అన్నకు అదే తలుపు ఆరేళ్లు మూసి ఉంచింది. ఇద్దరి ఎదుట ఉన్న ప్రశ్న ఒకటి కాదు, కాబట్టి ఒకరి జవాబుతో మరొకరి జవాబును కొలవకూడదు. ఘనా 2025 ఆఫ్రికా కప్పుకు అర్హత కోల్పోయింది, 2025 అక్టోబర్‌లో 2026 ప్రపంచ కప్పుకు అర్హత సాధించింది. ఈ ఎత్తుపల్లాలు తెలిసే అతను వెళ్లాడు.

మీరు అడగకపోయినా ఒక విషయం చెప్పకుండా ఉండలేను. 2016లో స్పెయిన్ నగరం గిహోన్‌లో మ్యాచ్ మొదట్లోనే ఇన్యాకి మీద ప్రేక్షకుల జాత్యహంకార అరుపుల వల్ల రిఫరీ ఆట ఆపవలసి వచ్చింది. 2020 జనవరి 25న బార్సిలోనా నగరానికే చెందిన ఎస్పాన్యోల్ క్లబ్ మైదానంలో, మార్పు కోసం అతను బయటికి నడుస్తుండగా కోతి అరుపులు అరిచారు. ఆ వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. స్పెయిన్‌లో పుట్టి, స్పానిష్ మాట్లాడుతూ, స్పెయిన్‌లో పన్ను కడుతున్నవాడిని నీది ఈ ఊరు కాదని అరిచినవారిని వదిలేసి, అతను ఘనాను ఎంచుకున్నప్పుడు మాత్రం కృతఘ్నుడని అన్నవారున్నారు. నాకు ఇది బాధ కలిగిస్తుంది. అతను మాత్రం స్పెయిన్ మీద ఎన్నడూ కృతజ్ఞత తగ్గించి మాట్లాడలేదు.

మీ అన్నగారి అబ్బాయి విషయం వేరు. ఘనా, స్పెయిన్‌ల వంటి వెసులుబాటు భారత్‌లో లేదు. మన చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు. భారత జట్టుకు ఆడాలంటే భారత పాస్‌పోర్టు ఉండాలి, విదేశాల్లోని భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు చాలదు. న్యూకాసిల్‌లో భారత సంతతి కుటుంబంలో పుట్టిన ఫార్వర్డ్ మైకేల్ చోప్రా న్యూకాసిల్, సండర్లాండ్ తరఫున ప్రీమియర్ లీగ్‌లో గోల్స్ చేశాడు, కేరళ బ్లాస్టర్స్‌కు ఇండియన్ సూపర్ లీగ్‌లో (ఐఎస్ఎల్) ఆడాడు. భారత జట్టుకు ఆడాలని ఉందని చెప్పినా, బ్రిటిష్ పాస్‌పోర్టు అడ్డంకి తొలగలేదు. ముంబయి ఆంగ్లో ఇండియన్ కుటుంబానికి చెందిన తల్లికి ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టిన ర్యాన్ విలియమ్స్ మరో దారి చూపించాడు. ఇన్యాకిలాగే అతనూ పుట్టిన దేశానికి ఒక్క స్నేహపూర్వక మ్యాచ్ ఆడాడు. 2023 నుంచి బెంగళూరు ఎఫ్‌సీకి ఆడుతూ, ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని 2025లో భారత పౌరుడయ్యాడు. అంటే దారి ఉంది, కానీ దానికి చెల్లించవలసిన మూల్యం పెద్దది. 15 ఏళ్ల పిల్లవాడు ఇప్పుడే తేల్చుకోవలసిన విషయం కాదు. క్లబ్ ఆటలో వృత్తి ఒప్పందం దాకా వెళ్లనివ్వండి, చదువు ఆపించకండి. పౌరసత్వం విషయంలో ఎలాంటి కాగితం మీద సంతకం చేసేముందైనా న్యాయవాదిని అడగండి, ఏజెంటును కాదు.

అతనికి ఇన్యాకి ఆట చూపించాలనుకుంటే మూడు మ్యాచ్‌లు వెతకండి. 2019 జనవరిలో సెవియ్యాతో ఆడినది వేగం కోసం, 2021 సూపర్ కప్ ఫైనల్ ఆ గోల్ కోసం. మూడవది 2024 ఫిబ్రవరి 29న అట్లెటికోతో జరిగిన సెమీఫైనల్. అది చూసేటప్పుడు బంతిని వదిలేసి కుడి గీత మీద అతన్ని మాత్రమే తొంభై నిమిషాలూ చూడమనండి. జట్టు బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ అతను వెనక్కి ఎంత దూరం పరుగెత్తి రైట్ బ్యాక్‌కు తోడు వచ్చాడో ఒక కాగితం మీద గుర్తులు పెట్టుకోమనండి.